ముళబాగిలు సముద్రం

రాబర్ట్‌సన్‌పేట బజారులో నాగేంద్రప్పకు ఒక ఫోటో స్టూడియో ఉండేది. అన్నదమ్ములందరూ బట్టల కొట్టులో కూర్చుంటే, మూరలు కొలిచే ఓపిక తనకు లేదని చెప్పి ఇరవై నాలుగో ఏట విడిగా స్టూడియో పెట్టుకున్నాడు. పెట్టుకున్న వేళ మంచిది. ఊళ్లోని బంగారు గనులు అప్పుడే ప్రభుత్వం చేతికి వచ్చాయి. పనివాళ్లందరికీ కొత్త పాసులు కావాలన్నారు, ప్రతి పాసుకూ ఒక ఫోటో కావాలన్నారు. గనిలోకి దిగేవాళ్లు, పైన మిల్లులో పనిచేసేవాళ్లు, ఆఫీసు గుమాస్తాలు, వేలాది మంది వచ్చి ఆ స్టూడియోలో నల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చుని లేచి వెళ్లారు. అందరికీ నాగేంద్రప్ప చెప్పింది ఒకటే మాట.

"తల నిటారుగా పెట్టు. గడ్డం రవ్వంత దించు. రెండు చెవులూ కనబడాల. నవ్వొద్దు."

పాతికేళ్లు అదే మాట చెప్పిన మనిషికి అది నాలుక మీద నుంచి ఎక్కడికి పోతుంది? పొద్దున కాఫీ తెచ్చిన భార్య గడ్డాన్ని కూడా ఒక్కోసారి చూపుడువేలితో కిందికి దించేవాడు. ఆయన భార్య నాగరత్న ఆ వేలిని పక్కకు నెట్టి, గ్లాసు చేతికిచ్చి వెళ్లిపోయేది.

1981లో చిక్కు వచ్చిపడింది. బంగారుపేటలో ధాన్యం మండీ నడిపే దొడ్డయ్య కూతురి పెళ్లికి పిలిచిన ఫోటోగ్రాఫరు జ్వరంతో పడుకుంటే, చివరి గడియలో నాగేంద్రప్పను పిలిచారు. ఆయన వెళ్లాడు, తీశాడు, ఆల్బం కట్టించి ఇచ్చాడు. వారం తిరగకముందే దొడ్డయ్య ఆ ఆల్బం చంకలో పెట్టుకుని స్టూడియోకి వచ్చి, బల్ల మీద తెరిచాడు. ఒక పేజీలో పెళ్లికూతురు, నిటారుగా. ఎదురు పేజీలో పెళ్లికొడుకు, నిటారుగా. తాళి కట్టే ఫోటోలో వరుడు తాళి చేత్తో పట్టుకుని, వధువు వైపు కాకుండా కెమెరా వైపు తిరిగి ఉన్నాడు. పురోహితుడి రెండు చెవులూ స్పష్టంగా పడ్డాయి.

"నా బిడ్డ పెండ్లి చేసుకున్నట్టు లేదప్పా," అన్నాడు దొడ్డయ్య. "ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నట్టు ఉండాది."

కర్టెన్ వెనక ప్రింట్లు కత్తిరిస్తున్న నాగరత్న ఆ మాట విన్నది. ఆ సాయంత్రమే వెళ్లి, ఊరి కెమెరా క్లబ్ కార్యదర్శి చంద్రశేఖర దగ్గర ఇద్దరి పేర్లూ రాయించి వచ్చింది. క్లబ్ తలుపుకు అతికించిన నోటీసు ఇది: "రాళ్ల సముద్రతీరంలో మూడు రోజుల ప్రకృతి ఫోటోగ్రఫీ శిబిరం. శిక్షణ: బెంగళూరు శ్రీధర గారు. కుటుంబ సభ్యులు రావచ్చు."

"రాళ్లను తీసేది నేర్చుకుని నేనేమి చేసేది రత్నా?" అన్నాడు నాగేంద్రప్ప. "రాళ్లేమన్నా పాసు అడుగుతాయా?"

"మనుషుల్ని రాళ్ల మాదిరి తీస్తా ఉండారు గదా. రాళ్లను తీస్తే మనుషుల మాదిరి వస్తాయేమో చూద్దాము," అంది నాగరత్న. తరవాత గొంతు తగ్గించి, "నేనూ సముద్రం చూడలేదు," అంది.

నాగేంద్రప్ప లేచి, కెమెరా స్టాండు మీది దుమ్ము దులిపాడు.

శుక్రవారం తెల్లవారగానే వ్యాను బయలుదేరింది. డ్రైవరు కాక అందులో ఎనిమిది మంది ఉన్నారు. ముందు సీట్లో శ్రీధర, నెత్తిన పెద్ద టోపీ, మెడలో మూడు కెమెరాలు. వెనక చంద్రశేఖర. ఆయన గనుల కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ఏది జరిగినా టైము వేసి పుస్తకంలో రాయకపోతే ఆయనకు అన్నం సహించదు. మిగిలినవాళ్లు నలుగురు క్లబ్ సభ్యులు, నాగేంద్రప్ప, నాగరత్న. ఆమె ఒళ్లో చిత్రాన్నం డబ్బా, కరకరలాడే నిప్పట్ల డబ్బా ఉన్నాయి. దారిపొడవునా శ్రీధర వెనక్కి తిరిగి పాఠం చెబుతూనే ఉన్నాడు.

"సముద్రం ముందర తొందర పనికిరాదు. అల వచ్చేదాకా ఊపిరి బిగబట్టి ఉండాలి. అల రాయికి తగలగానే నొక్కాలి. అరక్షణం ముందు నొక్కితే అది చెరువు. అరక్షణం తరవాత నొక్కితే అది బురద."

నలుగురు సభ్యులూ అది రాసుకున్నారు. చంద్రశేఖర టైముతో సహా రాసుకున్నాడు.

ముళబాగిలు ఊళ్లోకి రాగానే వ్యాను కింద ఏదో పెద్దగా విరిగిన చప్పుడైంది. డ్రైవరు ఎంత లాగినా గేరు పడలేదు. అందరూ దిగి నెట్టుకుంటూ, హైవే పక్కనున్న సొన్నప్ప మెకానిక్ షెడ్డుకు చేర్చారు. సొన్నప్ప వ్యాను కిందికి దూరి చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"ఏమైందప్పా?" అన్నాడు చంద్రశేఖర.

"ఏమీ లేదు సార్. ఇంగ అరగంట."

రెండు అరగంటలైనాక మళ్లీ అడిగితే, "సామాను చిత్తూరు నుంచి రావాల. వచ్చినాక ఇంగ అరగంట," అన్నాడు. ఎప్పుడొస్తుందంటే, "రేపు," అన్నాడు.

క్లబ్ సభ్యుల మొహాలు వాడిపోయాయి. శ్రీధర మొహం మాత్రం వెలిగిపోయింది. ఇది నాగరత్న ఒక్కతే గమనించింది. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని షెడ్డు వెనకవైపు చూశాడు. ముళబాగిలు గుట్ట కింద, ఏనుగులంత బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"మిత్రులారా, రాళ్ల తీరంలో ముక్కాలు భాగం రాళ్లే," అన్నాడు. "ఆ ముక్కాలు మనకు ఇక్కడే దొరికింది. మిగిలిన పావు భాగం ఊహించుకుందాం. శిబిరం ఇప్పుడే మొదలవుతుంది."

ముందు సముద్రం ఎక్కడుందో తేలాలి. నాగరత్నను అడిగితే, ఎదురింట్లో ముగ్గుపిండి అడిగి తెచ్చి, బండల అంచున వంకరటింకరగా ఒక తెల్లగీత వేసింది. చెయ్యి ఆగక మధ్యలో రెండు పద్మాలు కూడా వేసింది. గీతకు ఇవతల తీరం, అవతల సముద్రం అని శ్రీధర ప్రకటించాడు. చంద్రశేఖర నియమాలు తప్పని మనిషి గనక, గీత దాటవలసి వచ్చిన ప్రతిసారీ ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని దాటాడు.

అంతలో మేకలు కాసే ముసలమ్మ ఒకావిడ ఇరవై మేకలతో ఆ గీత అవతల నుంచి తిన్నగా నడిచి వచ్చింది.

"అమ్మా, పక్కకు పో!" అని కేకేశాడు చంద్రశేఖర. "సముద్రంలో ఉండావు!"

ఆమె ఆగి, కింద చూసింది, వెనక చూసింది. "యాడ?" అంది.

"నువ్వు నిలబడిందే సముద్రం."

"అట్లనా," అని ఆమె చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి పట్టుకుని, మేకలను తోలుకుని, తీరం చేరి వెళ్లిపోయింది.

నాగేంద్రప్ప పెద్ద బండ ఒకటి చూసి, తన రెండు కళ్ల యాషికా కెమెరాను స్టాండు మీద బిగించాడు. బండకు సూటిగా ఎదురుగా, సరిగ్గా నడిమధ్యకు జరిపాడు. లోపలికి వంగి చూశాడు. బండ తల కొంచెం ఎడమకు ఒరిగినట్టుంది. అలవాటున చెయ్యి చాపి, "రవ్వంత ఇట్లా" అనబోయి ఆపుకున్నాడు. కానీ "గడ్డం దించు" అన్న మాట అప్పటికే బయటికి వచ్చేసింది.

శ్రీధర వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఏం సార్ ఇది? బండను అరెస్టు చేసినట్టుంది! పక్కకు జరగండి, కిందికి వంగండి, ఆకాశం రానివ్వండి!"

నాగేంద్రప్ప పక్కకు జరిగాడు. ఆయనతో పాటు కెమెరా కూడా తిరిగింది, బండ మళ్లీ నడిమధ్యకే వచ్చింది. అలా పదకొండు బండలకు పదకొండు ఫోటోలు తీశాడు. పదకొండు బండలకూ కంపెనీ పాసు ఇవ్వచ్చు.

మధ్యాహ్నం చిత్రాన్నం తిన్నాక వాతావరణం పాఠం మొదలైంది. తీరాన్ని కంటితో కాదు, ముక్కుతో మొదలు పట్టాలన్నాడు శ్రీధర. సొన్నప్ప షెడ్డులో ఇంకొక లారీ కూడా మరమ్మత్తుకు ఆగి ఉంది. మద్రాసు అవతలి తీరం నుంచి ఎండుచేపలు తెచ్చే లారీ అది. దాన్ని నడిపే చిన్నన్న దాని టైరుకే ఆనుకుని బీడీ కాలుస్తూ పొద్దుటి నుంచి ఈ తమాషా చూస్తున్నాడు. శ్రీధర అందరినీ ఆ లారీ వెనక వరసగా నిలబెట్టి, కళ్లు మూసుకోమన్నాడు.

"లోపలికి పీల్చండి. ఇదే సముద్రం. పట్టుకోండి."

వాళ్లలో అయిదుగురు పుట్టినప్పటి నుంచి ఉల్లిపాయ కూడా ఆలోచించి తినేవాళ్లు. ఇద్దరు సభ్యులు బండల వెనక్కి పరుగెత్తారు. చంద్రశేఖర ముక్కు మూసుకుని పుస్తకంలో "2.15, వాతావరణం" అని రాసి, తానూ పరుగెత్తాడు. నాగరత్న మాత్రం కళ్లు తెరవకుండా నిలబడి ఉంది.

"ఏం రత్నా, బాగుండావా?" అన్నాడు నాగేంద్రప్ప, పైపంచ ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"సముద్రం ఇంత కంపా?" అంది ఆమె దిగులుగా.

టైరుకు ఆనుకున్న చిన్నన్న అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "సముద్రం అట్ల ఉండదమ్మా. ఇది చేపలు. సముద్రం వేరే."

సాయంత్రం ఎండ వాలుతుండగా అసలు పాఠం వచ్చింది: అల. షెడ్డులో నీళ్ల డ్రమ్ము ఉంది, రెండు బకెట్లు ఉన్నాయి. బండ మీదికి ఎక్కి నీళ్లు విసరడానికి చిన్నన్న ఒప్పుకున్నాడు. శ్రీధర "అల!" అని అరవగానే చిన్నన్న బకెట్ విసరాలి. నీళ్లు కింది రాయికి తగలగానే అందరూ నొక్కాలి. బకెట్లు నింపి అందించే పనికి నాగరత్న ముందుకొచ్చింది.

"అల!"

నీళ్లు పడ్డాయి. క్లిక్, క్లిక్. "ముందే నొక్కారు! చెరువు! మళ్లీ!" అని శ్రీధర అరిచాడు. "అల!" మళ్లీ నీళ్లు. "ఆలస్యం! బురద! మళ్లీ!" సభ్యులకు ఊపు వచ్చింది. రోలు అయిపోతే కొత్త రోలు, అదీ అయిపోతే ఇంకొకటి. నాగేంద్రప్ప దగ్గర ఉన్నది ఒక్క రోలే, అందులో మిగిలింది ఒక్క ఫోటోనే గనక ఆయన మాత్రం నొక్కకుండా చూస్తున్నాడు. డ్రమ్ము సగానికి వచ్చేసరికి సొన్నప్ప స్పానరు పట్టుకుని వచ్చి, "అది నా స్నానం నీళ్లు సార్," అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

ఇరవయ్యో అల దగ్గర చిన్నన్న బకెట్ దించాడు.

"సార్, తప్పుగా అనుకోవద్దండి. అల ఇట్ల దబ్బున పడి నిలిచిపోదు. వచ్చి తాకి, ఇంగ వెనక్కి పోతుంది. పోయేటప్పుడే కాళ్ల కింద ఇసక లాక్కొని పోతుంది. మీరు ఆ వెనక్కి పోయేది చెప్పనే లేదు."

"వెనక్కి పోవడం ముఖ్యం కాదు," అన్నాడు శ్రీధర.

"ఎట్ల ముఖ్యం కాదు సార్? సగం అల అదే గదా." చిన్నన్న తల గోక్కున్నాడు. "మీరు చూసింది యా సముద్రం సార్?"

శ్రీధర టోపీ తీసి, దాని లోపలికి చూశాడు, సమాధానం అక్కడ ఉన్నట్టు. అందరి కళ్లూ ఆయన్నే చూస్తున్నాయి, సొన్నప్పవి కూడా కలుపుకుని.

"పుస్తకాల్లో చూశాను," అన్నాడు చివరకు. "చాలా పుస్తకాల్లో."

చంద్రశేఖర మడిచిన ప్యాంటుతోనే సముద్రంలోంచి బయటికి వచ్చాడు. "అంటే మీరు సముద్రమే చూడలేదా?"

"నాది తుమకూరు జిల్లా సార్. నాకు నీళ్లంటే భయం. కానీ కొండలు నేర్పిస్తానంటే ఎవరూ రాలేదు. సముద్రం అన్నాను, వెంటనే వచ్చారు. పోయిన సంవత్సరం బెంగళూరు నుంచి బయలుదేరితే హోసకోటె దగ్గరే బస్సు చెడిపోయింది. అంతకు ముందు ఏడు బంద్ అయింది. ఈసారి ఏమీ కాకుండా తీరం దాకా పోతామేమో అని రాత్రంతా నిద్ర పట్టలేదు." ఆయన వ్యాను వైపు ఎంతో ప్రేమగా చూశాడు. "ఇక్కడ చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది."

చంద్రశేఖర మొహం ఎర్రబడుతూ వచ్చింది. అంతలో నాగరత్నకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. చంద్రశేఖర మోకాళ్లు చూసింది, ముగ్గుపిండి పద్మాలు చూసింది, నవ్వు పెద్దదైంది. ఆపుకోవాలని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు నోట్లోకి పోయి ఇంకా పెద్దదైంది. శ్రీధర కంగారుపడి, చేతులు ఊపుతూ, "అయ్యో, అలా కాదమ్మా," అన్నాడు. ఆ మాటలో "అలా" ఒక్కటే చెవిన పడి, దాన్ని "అల" అనుకున్న చిన్నన్న, పొద్దువాలిన దగ్గర నుంచి పడిన అలవాటు కొద్దీ, నిండు బకెట్ విసిరేశాడు.

నీళ్లన్నీ నాగరత్న మీద పడ్డాయి.

తల నుంచి కాలిదాకా తడిసిపోయింది. జుట్టు మొహానికి అతుక్కుని చెవులు రెండూ మూసుకుపోయాయి. కళ్లు మూతపడ్డాయి. మెడ ఒక పక్కకు వాలింది. ఆమె బండను పట్టుకుని పడీపడకుండా నిలబడి, ఊరంతా వినబడేట్టు నవ్వుతోంది. నాగేంద్రప్ప "నవ్వొద్దు" అనడానికి నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. చెయ్యి మాత్రం దానంతట అదే నొక్కింది. అది రోలులో చివరిది, పన్నెండోది.

ఆ రాత్రి అందరూ సత్రంలో పడుకున్నారు. శ్రీధరతో ఎవరూ మాట్లాడలేదు, నాగరత్న తప్ప. ఆమె ఆయనకు రెండు నిప్పట్లు ఇచ్చి, "తినండి సార్. ఒప్పుకునేదానికి కూడా గుండె ఉండాల," అంది. ఆయన నిప్పట్లు తిని కళ్లు తుడుచుకున్నాడు.

పొద్దున షెడ్డుకు వెళితే సొన్నప్ప, "సామాను వచ్చినాది. కానీ అది వేరే వ్యానుది," అన్నాడు. "ఇంగ అరగంట" అని కూడా అనలేకపోయాడు. చంద్రశేఖర రాబర్ట్‌సన్‌పేట బస్సు టైములు పుస్తకంలో వెతుకుతుండగా, చిన్నన్న లారీ స్టార్టు చేశాడు. చేపలు రాత్రే దించేశాడట. ఖాళీ లారీ తీరానికి తిరిగి పోతోంది.

"రాళ్లుండే తీరమే సార్," అన్నాడు. "మధ్యాహ్నానికి అక్కడ ఉంటాము. వెనకాల టార్పాలిన్ పరుస్తాను. వాసనకు మాత్రం నన్ను తిట్టగూడదు."

నాగరత్న చీర చెక్కుకుని, చక్రం మీద కాలు పెట్టి లారీ ఎక్కేసింది. నాగేంద్రప్ప వెనకే ఎక్కాడు. సభ్యులు ఒకరినొకరు చూసుకుని ఎక్కారు. మిగిలింది శ్రీధర.

"నేను డ్రైవరుతో పాటు వ్యానుకు కాపలా ఉంటాను," అన్నాడు.

"ఎక్కండి సార్," అంది నాగరత్న, పై నుంచి చెయ్యి అందిస్తూ. "ఈసారి లారీ చెడిపోదని ఎవురు చెప్పినారు?"

ఆ ఆశతోనే ఎక్కాడు పాపం. లారీ చెడిపోలేదు. పలమనేరు దాటింది, చిత్తూరు దాటింది, మద్రాసు పక్కగా తిరిగింది. మధ్యాహ్నం రెండున్నరకు చిన్నన్న బ్రేకు వేసి, వెనక పలక దించాడు. ఎదురుగా నల్లరాళ్లు, రాళ్ల మీద తెల్లటి నురుగు, ఆ వెనక సముద్రం.

నాగరత్న, "అబ్బా," అంది.

చంద్రశేఖర తేరుకుని, "అందరూ స్థానాలు తీసుకోండి! రోలు ఎక్కించండి!" అన్నాడు. సభ్యులు సంచులు తెరిచారు, జేబులు తిరగేశారు, ఒకరి వైపు ఒకరు చూశారు. ఒక్క ఫిల్ము లేదు. ఉన్నవన్నీ నిన్న సాయంత్రం సొన్నప్ప స్నానం నీళ్ల మీద ఖర్చయిపోయాయి.

కొంతసేపు పెద్ద గొడవ అయింది. చివరకు చంద్రశేఖర ఏదో ఒక ఆధారం మిగలాలని పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. "2.40, పెద్ద అల. 2.41, అంతకన్నా పెద్ద అల. 2.42, కార్యదర్శి తడిసెను." చిన్నన్న శ్రీధర చెయ్యి పట్టుకుని, అంగుళం అంగుళంగా నీళ్లలోకి నడిపించాడు. అల వచ్చి ఆయన మోకాళ్లను తాకి, వెనక్కి పోయింది. కాళ్ల కింద ఇసక జారింది. శ్రీధర కెవ్వుమన్నాడు, చిన్నన్నను కౌగిలించుకున్నాడు, తరవాత కిందికి చూశాడు.

"లాగుతోంది!" అని అరిచాడు. "నిజంగానే వెనక్కి పోయేటప్పుడు లాగుతోంది! అందరూ వచ్చి చూడండి!" ఇంకొక అల కోసం తనే ఎదురు చూశాడు. చీకటి పడేదాకా ఆయన్ని బయటికి తేలేకపోయారు.

ఈలోపల నాగరత్న ఖాళీ యాషికాను మెడలో వేసుకుని, మొగుణ్ణి ఒక రాయి మీద నిలబెట్టింది.

"దాంట్లో ఫిల్ము లేదు రత్నా."

"తెలుసు. నవ్వండి."

నాగేంద్రప్ప ప్రయత్నించాడు. పెదవులు రెండు వైపులా లాగాడు. పళ్లు చూపించాడు. పంటి డాక్టరు ముందు కూర్చున్నట్టు ఉందంది నాగరత్న. ఆయన మళ్లీ ప్రయత్నిస్తుండగా వెనక నుంచి ఒక అల వచ్చి వీపు మీద చరిచింది. పంచె సగం ఊడింది. ఒక చేత్తో పంచె, ఒక చేత్తో రాయి పట్టుకుని ఆయన నవ్వు మొదలుపెడితే, నాగరత్న క్లిక్, క్లిక్ మని ఎన్నిసార్లు నొక్కిందో లెక్క లేదు.

మర్నాడు మద్రాసులో బంగారుపేట వైపు పోయే రైలెక్కారు. ఆదివారం, కిక్కిరిసిన రైలు. వీళ్లు ఎనిమిది మంది పెట్టెలోకి అడుగుపెట్టారు. అరక్కోణం రాకముందే పెట్టె సగం ఖాళీ అయింది. కాట్పాడిలో మిగతా సగం దిగి పక్క పెట్టెకు పోయింది. కుప్పంలో ఎక్కబోయినవాళ్లు మెట్టు మీదే ఆగి, ముక్కు పట్టుకుని ముందుకు పరుగెత్తారు. ఒక్కొక్కరికి ఒక్కో సీటు పూర్తిగా దొరికింది. నాగరత్న కాళ్లు చాపుకుని పడుకుని, కిటికీలోంచి వచ్చే గాలికి కళ్లు మూసుకుంది.

"ముళబాగిలులో నన్ను తీసినారు గదా," అంది కళ్లు తెరవకుండానే. "ఎట్ల వచ్చింటుంది?"

పాతికేళ్లుగా నొక్కిన క్షణంలోనే నాగేంద్రప్పకు ఫోటో ఎలా వస్తుందో తెలిసేది. ఇప్పుడు ఎంత ఆలోచించినా తట్టలేదు. "కడిగి చూడాల," అన్నాడు. అలా అనడం ఆయనకు చాలా బాగుంది. ఇంకొకసారి అన్నాడు.

తలుపు దగ్గర టికెట్ కలెక్టరు రుమాలు మొహానికి కట్టుకుని, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"చేపల వ్యాపారమా?" అన్నాడు దూరం నుంచే.

చంద్రశేఖర లేచి, చొక్కా సర్దుకుని, "కెమెరా క్లబ్ సార్," అన్నాడు. "ప్రకృతి దృశ్యాలు."

"టికెట్లు చూపించండి," అన్నాడు కలెక్టరు. చంద్రశేఖర ఒక్క అడుగు ముందుకు వేసేసరికి, "వద్దొద్దు, అక్కడి నుంచే చూపించండి, కనబడుతున్నాయి," అని చెప్పి పక్క పెట్టెకు వెళ్లిపోయాడు.